చాగలమర్రి పేరిట పడిన తడి

ఆళ్లగడ్డలో ఆ హాస్టలు కట్టిన ఏడాది నా డైరీలో ఒక మనిషి మీద రాసినన్ని పేజీలు నా భార్య మీద కూడా రాసి ఉండను. ఆ మనిషి మా కంపెనీలో కొత్తగా చేరిన ఇంజనీరమ్మ. ఇప్పుడు తీసి చదువుతుంటే ఆ పేజీల్లో సిమెంటు, పైపుల సంగతుల కంటే నా కడుపుమంటే ఎక్కువగా కనబడుతోంది.

నాది నంద్యాల. ఇళ్ళు, షాపులు, స్కూళ్ళు కట్టే ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేరి అక్కడే రిటైరయ్యాను. తొంభైల్లో నా పని పద్ధతి ఒకటే. బిల్డింగు అంతా అయిపోయి సున్నం ఆరినాక చేతిలో వెదురు కర్ర, జేబులో ఎర్ర చాక్‌పీసులు పెట్టుకుని లోపలికి పోయేవాణ్ణి. అప్పట్లో నేలకు బేతంచెర్ల బండలే పరిచేవాళ్ళం. వాటిని కర్రతో ఒక్కొక్కటే తట్టుకుంటూ పోవాలి. కింద సిమెంటు పట్టుకున్న బండ ‘టక్’మంటుంది. ఖాళీ ఉన్నది ‘డబ్’మంటుంది. దాన్ని డొల్ల అంటాం. డొల్ల దొరికిన చోట ఎర్ర చాక్‌పీసుతో సున్నా చుట్టి, పక్కన ‘ఈడ’ అని రాసేవాణ్ణి. గోడ పగిలితే ‘ఈడ’. తలుపు నేలకు రాసుకుంటే ‘ఈడ’. ఇంకేం రాసే పని లేదు. మేస్త్రీలు చూసి, ఎవరి పని వాళ్ళు సరిచేసి, గీత తుడిచేసేవాళ్ళు. గీత లేదంటే లోపం లేదు.

అన్ని ‘ఈడ’లూ తుడుచుకుపోయిన తర్వాత ఒక మంచిరోజు చూసి తాళాలు అప్పగించేవాళ్ళం. ఇత్తడి తట్టలో తమలపాకులు, వక్కలు, వాటి మీద తాళాల గుత్తి. ఆ తట్టను కట్టించుకున్నవాళ్ళ చేతికి ఇచ్చేది మా ఓనరు కాదు, నేను. “మూలమూలా తిరిగి చూసినోడే ఇయ్యాల. నేనేం చూసినాను? దుడ్లు పెట్టినానంతే” అనేవాడు ఓనరు. నా పేరు ఏ శిలాఫలకం మీదా లేదు. ఫోటోల్లో ఒక పక్కకు ఉంటాను. కానీ ఆ తట్ట పట్టుకున్న కాసేపు ఆ బిల్డింగు నాదే. ఏ ఊళ్ళో ఏ కట్టడమైనా సరే, తట్ట నా చేతులు దాటిపోయింది లేదు.

రెండువేల సంవత్సరం దాటిన ఐదారేళ్ళకు ఆళ్లగడ్డలో చాగలమర్రి వెళ్ళే రోడ్డు మీద పిల్లల హాస్టలు పని వచ్చింది. మూడంతస్తులు, వరుసగా గదులు, ప్రతి అంతస్తుకూ రెండు చివరలా బాత్రూంలు. నేను రోజూ పొద్దున నంద్యాలలో బస్సెక్కి పోయేవాణ్ణి. పని చివరికి వచ్చినప్పుడు ఓనరు ఆ ఇంజనీరమ్మను పంపించాడు. సున్నిపెంటలో డ్యాము స్టాఫు క్వార్టర్సులో పుట్టి పెరిగిన పిల్ల. హైదరాబాదులో కొన్నాళ్ళు పనిచేసి వచ్చింది. చేతిలో ల్యాప్‌టాపు, మెడలో కెమెరా. ల్యాప్‌టాపులో బిల్డింగు పనులు నడిపే సాఫ్ట్‌వేరు ఒకటి ఉంది.

ఆమె కర్రతో తట్టేది కాదనుకోకండి, తట్టేది. డొల్ల దొరికితే ఫోటో తీసేది. దానికి ఒక నంబరు. ఏ అంతస్తు, ఏ గది, ఏ లోపం, ఎవరు సరిచేయాలి, ఎప్పటిలోగా అని గళ్ళలో నింపేది. సాయంత్రం ఎవరికి పడినవి వాళ్ళకు కాగితం మీద తీసి వాచ్‌మన్ గది పక్కన గోడకు అంటించేది. పని అయిందని మేస్త్రీ చెబితే మళ్ళీ చూసి, మళ్ళీ ఫోటో తీసి, ఆ నంబరును క్లోజ్ చేసేది. నంద్యాల ఆఫీసులో కూర్చున్న ఓనరుకు ఇదంతా తన కంప్యూటర్లోనే కనపడేది.

లోపాన్ని ఆమె ‘స్నాగ్’ అనేది. మా మేస్త్రీల నోట్లో అది రెండు రోజుల్లో ‘నాగు’ అయింది. ఒక పొద్దున సున్నం వేసే మనిషి మెట్ల మీద నుంచి కేక పెట్టాడు. “అన్నా, రెండో అంతస్తు బాత్రూంలో నాలుగు నాగులుండాయంట, బేగా రా!”

ఇసక తట్ట నెత్తినెత్తుకుని ఎక్కుతున్న కూలామె తట్ట అక్కడే పారేసి దిగి పరిగెత్తింది. వాచ్‌మన్ కట్టె తీసుకుని వచ్చాడు. “యాడప్పా, యాడ? తోక కనపడతాందా?” అని బాత్రూంలో మూలమూలా పొడిచి చూశాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఇంజనీరమ్మే, మెట్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ. నేనూ నవ్వాను. కానీ ఆ రోజు నుంచి సైటులో ఎవరి నోట విన్నా నాగే. ఎర్రగీత గురించి అడిగేవాడు లేడు. నా ‘ఈడ’కు పదేళ్ళు పట్టింది, ఆమె మాటకు రెండు రోజులు చాలాయి అనుకుంటే నవ్వు నోట్లోనే ఆగిపోయింది.

అంతకంటే మండింది పైపుల మేస్త్రీ సంగతి. అతనిది చాగలమర్రి. మీసాలు రాని వయసు నుంచి నాతో పనిచేసినవాడు. అతను ఆ వైపు నుంచి, నేను ఈ వైపు నుంచి బస్సు దిగి, ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర టీ తాగి కలిసి సైటుకు పోవడం మాకు అలవాటు. “ఈ పొద్దు యాడ గీస్తావప్పా?” అని అడిగేవాడు. ఇంజనీరమ్మ వచ్చిన కొత్తలోనే టీ సగంలో లేచిపోవడం మొదలుపెట్టాడు.

“యాడికి? టీ చల్లారతాంది” అన్నాను.

“ఉండప్పా, కాగితం అంటిచ్చింటాది. నా నాగులెన్నో చూసుకోవల్ల.”

“నన్నడిగితే చెప్పనా?”

“నువ్వు చెప్తావు గానీ, ఆ యమ్మ ఫోటోతో చెప్తాదప్పా.”

డైరీలో ఆ రోజు ఆ వాక్యం ఒక్కటే రాశాను.

తర్వాత ఓనరు ఫోను. అంతకుముందు రోజూ సాయంత్రం “ఇంకా ఏమేం మిగిలినాయి?” అని నన్ను అడిగేవాడు. ఈసారి అడగలేదు. “అన్నీ ఈడ్నే కనపడతాండాయిలే. ఒక మాట. ఈసారి తాళాలు ఆ పాపతో ఇప్పిస్తే బాగుంటాదేమో, ఏమంటావ్? నువ్వూ పక్కనుంటావులే.”

“మీ ఇష్టం సార్” అన్నాను. పక్కనుండటం! ఫోటోలో ఒక పక్కకు ఉన్నా తట్ట నా చేతిలో ఉండేది. ఇప్పుడు ఖాళీ చేతులతో ఒక పక్కకు.

అప్పట్నుంచి నా కళ్ళు బిల్డింగు లోపాలను వదిలి ఆమె లోపాలను వెతకడం మొదలుపెట్టాయి. ఆమె చూసిపోయిన గదిలోకి నేను మళ్ళీ పోయేవాణ్ణి. ఆమె తట్టిన టైల్సు మళ్ళీ తట్టేవాణ్ణి. ఏమీ దొరకని రోజు అన్నం సయించేది కాదు.

ఒక రోజు దొరికింది. మొదటి అంతస్తు చివరి గదిలో, పైకప్పు మీద, అరచేతంత తడి. దాని మీద రెండో అంతస్తు బాత్రూం ఉంది. గోడ మీది కాగితంలో చూస్తే ఆ తడి నంబరు క్లోజ్ అయిపోయి ఉంది. సరిచేయాల్సిన మనిషి గడిలో ఒకటే మాట: చాగలమర్రి.

అది చూసి నాకు విషయం అర్థమై లోపల పండగైంది. మా సైట్లలో మనిషిని పేరుతో పిలవడం తక్కువ, ఊరితోనే పిలుస్తాం. ప్యాపిలి నుంచి వచ్చిన కరెంటు మేస్త్రీ ప్యాపిలన్న. నేను నంద్యాలన్న. ఇంజనీరమ్మ మేస్త్రీల వివరాలు రాయమంటే ఆఫీసు గుమాస్తా మేం పిలిచే పిలుపులే రాసిచ్చాడు. అయితే చాగలమర్రి నుంచి మాకు ఇద్దరున్నారు. ఒకడు నా పైపుల మేస్త్రీ, ఇంకొకడు టైల్సు మేస్త్రీ. మాకు ఎప్పుడూ తికమక రాలేదు. పైపు పగిలితే చాగలమర్రి అంటే ఒకడు, టైలు లేస్తే చాగలమర్రి అంటే ఇంకొకడు. కానీ బాత్రూం కింద తడి వస్తే? అది పైపుదీ కావచ్చు, టైల్సు సందుల్దీ కావచ్చు. కాగితం చూసి పైపులతను అది టైల్సువాడిదనుకున్నాడు. టైల్సతను పైపులవాడిదనుకున్నాడు. ‘చాగలమర్రి నాగులు అయిపోయినాయా?’ అని ఆమె అడిగితే, తనవి అయిపోయిన పైపులతను ‘అయిపోయినాయమ్మా’ అన్నాడు. పైన బాత్రూంలో నీళ్ళు వాడని పూట ఆమె చూసింది, పైకప్పు పొడిగా ఉంది. మూసేసింది.

నేను ఆమెకు చెప్పలేదు. ఓనరు సైటుకు వచ్చేదాకా ఆగి, అందరి ముందూ ఆ గదిలోకి తీసుకుపోయి కర్రతో పైకి చూపించాను.

“కంప్యూటర్లో క్లోజ్ అయినాదంట సార్. తడికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.”

ఓనరు ఇద్దరు చాగలమర్రులనూ పిలిచాడు.

“నీళ్ళు పోయేది పైపుల్లోనా, టైల్సులోనా? ఆయప్పనే అడగండి” అన్నాడు టైల్సతను.

“నా పైపు పొడిగా ఉండాది. కావల్లంటే చెయ్యి పెట్టి చూడు” అన్నాడు పైపులతను.

“ఇద్దరినీ ఒకే బస్సెక్కిచ్చి మీ ఊరికి పంపుతా, పొయ్యేలోగా తేల్చుకోండి” అన్నాడు ఓనరు. తర్వాత నా వైపు తిరిగాడు. “నువ్వేమంటావ్?”

“టైల్సే సార్. సందులు సరిగా నింపలేదు” అన్నాను, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

ఇంజనీరమ్మ మొహం చిన్నబోతుందని చూస్తున్నాను. ఆమె మాత్రం మామూలుగా, “తప్పు నాదే సార్. ఒకే పేరు ఇద్దరికుందని చూసుకోలేదు. ఎవరిదో రేపు తేలుద్దాం” అంది. తలుపు బద్దలు కొడదామని భుజం ఆనిస్తే తలుపు తీసే ఉన్నట్టయింది నాకు.

ఆ నంబరును ఆమె మళ్ళీ తెరిచింది. మనుషుల గడిలో ‘చాగలమర్రి పైపులు’, ‘చాగలమర్రి టైల్సు’ అని విడగొట్టి ఇద్దరికీ పెట్టింది. బాత్రూంలో నీళ్ళు పోయే కన్నానికి గుడ్డ బిగించి, నేలంతా నీళ్ళు నిలబెట్టింది. మర్నాడు దాకా నీళ్ళు నిలబడే ఉన్నాయి, కింద తడి పెరగలేదు. అంటే టైల్సు మంచివే. ఆ నీళ్ళన్నీ బయట ఎత్తిపోసి, కన్నంలోకి బకెట్టుతో కుమ్మరించింది. మేమందరం కింద గదిలో తలలెత్తుకుని నిలబడ్డాం. కాసేపటికి ఒక చుక్క ఊరి, బరువెక్కి, నా చెప్పు పక్కన పడింది.

పైపులతను తల గోక్కున్నాడు. “నాగు నాదేనప్పా” అన్నాడు.

టైల్సతను నా కర్ర వైపు చూశాడు. “ఏం నంద్యాలన్నా, నీ కర్రకు చెవుడొచ్చిందా? లేకుంటే నీతో టీ తాగినోని పైపు కారదా?”

అందరూ నవ్వారు. ఇంజనీరమ్మ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఆమె మీద కోపానికి నాకు ఒక కారణం దొరికేది.

తాళాల రోజు వచ్చింది. ఉతికిన తెల్లచొక్కా వేసుకునే పోయాను, పక్కన నిలబడటానికే అయినా. పైపులతను టీ కోసం బస్టాండు దగ్గర ఆగకుండా ముందే సైటుకు పోయినట్టున్నాడు, నన్ను చూసి అక్కణ్ణుంచి ఎదురు పరిగెత్తుకొచ్చాడు.

“అప్పా, గోడ మీద చూసినావా? నీకు నాగు పడింది!”

పోయి చూశాను. మేస్త్రీలందరూ అప్పటికే చదివి నవ్వుకుంటున్నారు. కాగితంలో ఒకటే వరుస మిగిలింది. పని: తాళాలు అప్పగించడం. మనిషి: నంద్యాల.

“ఇదేందమ్మా?” అన్నాను ఆమె దగ్గరికి పోయి.

“ఓనరు సార్ నన్నియ్యమన్నారు. నేనొచ్చింది ఆఖరులో కద సార్. పునాదుల కాడ్నుంచి తిరిగింది మీరు. అదే చెప్పినా, సరే అన్నారు.”

తమలపాకుల మీద గుత్తి పెట్టి తట్ట నా చేతికిచ్చారు. హాస్టలు కట్టించినాయన రెండు చేతులా అందుకున్నాడు. అన్నేళ్ళలో ఎన్నోసార్లు పట్టుకున్న తట్టే. ఆ పొద్దు మాత్రం బరువు లేదు. నా నుంచి పోతుందని ఇన్నాళ్ళు కుమిలింది దీని కోసం. దాన్ని ఆమె ఇస్తానంటే నాకు వచ్చింది. అది నాదైతే ఆమె ఎట్లా ఇస్తుంది?

ఆమె ఫోటో తీసి ల్యాప్‌టాపు తెరిచింది. “క్లోజ్ చెయ్యమంటారా సార్?”

“అదొక్కటి నేను నొక్కుతా” అన్నాను.

ఆమె ల్యాప్‌టాపును నా వైపు తిప్పింది. వేలు చాపాను గానీ ఎక్కడ నొక్కాలో తెలియలేదు. ఆ తెర మీద అన్నీ చిన్న చిన్న గళ్ళు. ఆమె వంగి, వేలు పెట్టి చూపించింది.

“ఈడ సార్.”

నొక్కాను. వరుస పచ్చరంగులోకి మారింది. చుట్టూ చప్పట్లు కొట్టారు.

ఆ మాట నాది. ఆమెకు ఎవరూ నేర్పలేదు, సున్నిపెంటలోనూ అట్లాగే అంటారు. అది తెలిసి కూడా, తిరుగు బస్సు శిరివెళ్ళ దాటేదాకా నా కడుపులో మండింది అదే.