తోడికోడళ్ళ సైకిల్

ఆ ఆసుపత్రిలో ఏ గదిలోంచి ఎవరు ఫోన్లో తొమ్మిది నొక్కినా పలికేది ఆవిడే. అందుకే పెద్ద డాక్టరు దగ్గర్నుంచి నేల తుడిచేవాళ్ళ దాకా అందరికీ ఆవిడ తొమ్మిదక్క. రెండు వందల పదహారు నంబర్లు నోటికి వచ్చు. ఎవరైనా "ఎముకల డాక్టరు గారు" అనబోతే, "ఎము" దగ్గర ఉండగానే లైను కలిపేసేది.

నలభై ఒకటో ఏట నీటికాసుల జబ్బు ఆవిడ రెండు కళ్ళూ పట్టుకుపోయింది. అంతకు ముందు అదే ఆసుపత్రిలో రోగుల పేర్లు రాసుకునే కిటికీ దగ్గర పనిచేసేది. చూపు పోయాక అందరూ ఇంట్లో కూర్చోమన్నారు. ఆరు నెలలు కూర్చుంది. ఏడో నెలలో తనే పైఅధికారి గదికి వెళ్ళి, "కళ్ళు పోయాయి గానీ నోరూ చెవులూ నిక్షేపంగా ఉన్నాయండీ. వాటికి సరిపడే పనేదన్నా ఉందా?" అని అడిగింది. ఆ విధంగా టెలిఫోన్ బల్ల ముందు కూర్చుని పదకొండేళ్ళయింది. ఎక్స్చేంజి గది ఐదో అంతస్తులో ఉంది. లిఫ్టు ఎక్కితే ఎవరో ఒకరు జాలిపడి చెయ్యి పట్టుకుంటారని ఆవిడ రోజూ మెట్లే ఎక్కేది.

భర్త మందుల షాపులో పనిచేసేవాడు. మంచి మనిషి. ఆయనకి భార్య మీద ప్రేమ ఎంతుందో భయం అంతకు రెట్టింపు ఉంది. ఆవిడ పొయ్యి వెలిగిస్తే పరిగెత్తుకొచ్చేవాడు. గడప దాటితే "మెల్లిగా" అనేవాడు. పదకొండేళ్ళుగా ఆ మాట విని విని ఆవిడకి చెవులు చిల్లులు పడ్డాయి.

ఆ ఇంట్లోనే, కింది వాటాలో, తోడికోడలు ఉండేది. ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు. నలభై ఏళ్ళ మనిషి, గొంతు మాత్రం మైదానం ఆ చివరికి వినపడేది. ఆమె భర్త ఒకప్పుడు ముచ్చటపడి ఇద్దరు తొక్కే సైకిల్ ఒకటి కొన్నాడు. నాలుగు నెలలకే నడుం పట్టేసి దాని జోలికి పోవడం మానేశాడు. అప్పట్నుంచి అది వసారాలో నిలబడి తడి బట్టలు మోస్తోంది.

ఒక ఆదివారం తొమ్మిదక్క బట్టలు తీస్తూ ఆ సైకిల్ని తలనుంచి తోక దాకా తడిమింది. ముందు సీటు, దాని వెనక ఇంకో సీటు, వెనక హ్యాండిల్‌కి బ్రేకు లేదు.

"ఏమే, ఈ వెనక సీట్లో కూర్చునేవాళ్ళకి పనేంటి?" అని అడిగింది.

"తొక్కడమే అక్కా. దారి చూసుకోవడం, తిప్పడం, బ్రేకెయ్యడం అంతా ముందువాళ్ళదే."

"అయితే ఇది నాకోసం చేసినట్టే ఉంది. బట్టలు తీసెయ్."

డ్రిల్లు టీచరు ఎగిరి గంతేసినంత పని చేసింది. ఆ మర్నాటినుంచి ఎనిమిది వారాలు, పొద్దున్నే పిల్లలు రాకముందు, ఇద్దరూ బడి మైదానంలో తిరిగారు. మొదటి వారంలో మూడుసార్లు పడ్డారు. మోచేతుల మీద చెక్కుకుపోయిన చోట్లు కనపడకుండా తొమ్మిదక్క నిండు చేతుల జాకెట్లు తొడుక్కుని తిరిగింది. భర్త అది చూడనే లేదు. ఎనిమిదో వారంలో మాత్రం మైదానంలో ఇద్దరూ సైకిల్ తొక్కడం కళ్ళారా చూశాడు. ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు.

అప్పటికి మూడు రోజుల వరస సెలవు దగ్గర పడుతోంది. మొదటి రోజు పెద్ద రోడ్డు మీద నలభై కిలోమీటర్లు, రెండో రోజు కాలవ గట్టు వెంట, అడవిలోంచి ముప్ఫై అయిదు, మూడో రోజు కొండ దాటి ఇంటికి యాభై. తోడికోడళ్ళిద్దరూ కూడబలుక్కుని వేసుకున్న లెక్క అది. భర్త ఒంటికాలి మీద లేచాడు. ఒక రాత్రి భోజనం మానేశాడు. తర్వాత ఏమైందో గానీ, కిందికి దిగి డ్రిల్లు టీచరుతో పావుగంట మాట్లాడి పైకొచ్చి, "సరే, వెళ్ళిరండి" అన్నాడు. తొమ్మిదక్క ఆశ్చర్యపోయింది గానీ తీగ లాగలేదు.

మొదటి రోజు పెద్ద రోడ్డు ఎక్కిన అరగంటకే ఇద్దరికీ మాట తేడా వచ్చింది. ఆ సైకిల్‌కి రెండు జతల పెడళ్ళూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ముందు కాళ్ళు ఆగితే వెనక కాళ్ళూ టక్కున ఆగిపోతాయి. మైదానంలో అడ్డొచ్చేదేం లేక అది తెలియలేదు. రోడ్డు మీద లారీ అడ్డొచ్చిన ప్రతిసారీ డ్రిల్లు టీచరు చెప్పకుండా ఆపేస్తోంది, వెనకావిడ మోకాళ్ళు లాక్కుపోతున్నాయి. నాలుగోసారి తొమ్మిదక్క, "పక్కకి తియ్, దిగుదాం" అంది.

దిగాక నిదానంగానే అంది: "నువ్వు ఆపడం తప్పని అనట్లేదు. చెప్పి ఆపు. నీకు ముందే తెలుస్తుంది, నాకు ఆగాక తెలుస్తోంది. మూటలా కట్టుకుని మోసుకెళ్తే మోసుకెళ్ళు గానీ, మనిషిని కూర్చోబెట్టుకున్నావు కదా."

డ్రిల్లు టీచరు మొహం చిన్నబోయింది. "తప్పయిపోయింది అక్కా. ఇకనుంచి అన్నీ చెప్తా."

అన్నట్టే అన్నీ చెప్పింది. మైదానం గొంతుతో చెప్పింది. "గుంత! ఆపు! ఎడమ! తొక్కు!" అని ఆమె అరుస్తుంటే రోడ్డు పక్కన నడుస్తున్న ఒక పెద్దాయన "ఆపు!" విని నిజంగానే ఆగిపోయాడు. మళ్ళీ "తొక్కు!" అనేదాకా కదల్లేదు. ఆ సంగతి తోడికోడలు చెప్పగానే తొమ్మిదక్క నవ్వాపుకోలేక హ్యాండిల్ మీద వాలిపోయింది. ఆ నవ్వుతో ఇద్దరి మధ్యా ఉన్న బిగువు సడలింది.

సాయంత్రం ఏటి ఒడ్డున ఉన్న చిన్న లాడ్జిలో దిగారు. అక్కడి యజమానురాలు డ్రిల్లు టీచరు వైపు తిరిగి, "ఆవిడకి తినడానికేం కావాలి?" అని అడిగింది.

"ఆవిడనే అడగండి. నాకంటే గట్టిగా తింటుంది," అంది డ్రిల్లు టీచరు.

"ఏం వండారో అన్నీ రెండేసి తీసుకురండి" అంది తొమ్మిదక్క.

రెండో రోజు దారి మట్టిది. కాలవ గట్టు మీద చక్రాల కింద ఇసుక కరకరమంది. అడవిలోకి వచ్చేసరికి ఎండ తగ్గి చేతుల మీద చల్లదనం పాకింది. దారి మీద ఎన్నేళ్ళ ఆకులు రాలాయో, సైకిల్ పరుపు మీద పోతున్నట్టు పోయింది. తడి చెక్క వాసన, పైన ఎక్కడో పిట్టల గోల, పక్కన సన్నగా నీళ్ళు. తొమ్మిదక్క మాట్లాడటం మానేసింది. ఏమైందని తోడికోడలు అడిగితే, "ఏం కాలేదు, ఊరుకో. వింటున్నా" అంది.

మధ్యాహ్నం వెనక చక్రం బుస్సుమంది. ఇద్దరూ దిగి టైరు విప్పి ట్యూబు బయటికి లాగారు. రంధ్రం కంటికి ఆనలేదు. ముంచి చూద్దామంటే ఏరు లోతైన చరియ కింద ఉంది. డ్రిల్లు టీచరు గాలి కొట్టడం, కళ్ళు చికిలించి చూడటం, చెమట తుడుచుకోవడం. మూడుసార్లు చూసి, ట్యూబుని నేలకేసి కొట్టబోయింది.

"ఇటివ్వు" అంది తొమ్మిదక్క.

ట్యూబుని పెదవుల దగ్గర పెట్టుకుని, మెల్లిగా తిప్పుకుంటూ పోయింది. సగం తిప్పాక ఆగింది. "ఇదిగో. సూదిమొన అంత గాలి తగులుతోంది. ఇక్కడ." ఆ చోటుని గోటితో నొక్కి పట్టుకుని, గరుకు కాగితం అడిగి తనే రుద్దింది, తనే జిగురు రాసింది, తనే ప్యాచీ అంటించింది. తర్వాత టైరు లోపలంతా వేళ్ళతో తడిమి, గుచ్చుకుని ఉన్న ముల్లు కూడా పీకింది. అది తియ్యకుండా బిగించి ఉంటే పది అడుగులు పోగానే మళ్ళీ చిల్లు పడేది.

"నేను పదేళ్ళనుంచి సైకిల్ తొక్కుతున్నా. ముల్లు సంగతి మర్చేపోయాను చూడు" అని తోడికోడలు తెల్లబోయింది.

"గాలి కొట్టు, పోదాం" అంది తొమ్మిదక్క. ఆ మిగిలిన దారంతా ఆవిడ వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంది.

మూడో రోజు పదిన్నరకి కొండ మొదటికి చేరారు. కొండ మీదికి ఏడు మెలికల రోడ్డు, తొమ్మిది కిలోమీటర్ల ఎక్కుడు. సైకిల్ ఆగగానే ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపు ఎవరిదో తొమ్మిదక్కకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"మీరిక్కడేం చేస్తున్నారు?"

భర్త నసిగాడు. "షాపు వ్యాను అడిగి తెచ్చాను. సైకిల్ అందులో పెట్టేస్తే ఆ పక్కన దించేస్తాను. ఈ కొండొకటీ వద్దు."

డ్రిల్లు టీచరు తలదించుకుంది. "ఆ రోజు బావగారు ఈ షరతు మీదే ఒప్పుకున్నారు అక్కా. నీకు చెప్తే అసలు బయల్దేరవని చెప్పలేదు."

ఎండ పొడుస్తోంది. తొమ్మిదక్కకి కోపం కంటే ముందు ఏడుపొచ్చింది, దాన్ని మింగింది. మొగుడి మీద అరిచి ఉంటే ఆయన అలవాటుగా భరించేవాడు. ఆవిడ అరవలేదు.

"రెండు రోజుల్నుంచి నేను తొక్కింది నిజమా, లేక మీరిద్దరూ నన్ను తిప్పి తీసుకొచ్చారా?" అంది.

భర్త వ్యాను తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నిజమే అయితే కొండ కూడా తొక్కుతాను. మీరు వ్యాను తీసుకుని ముందు పదండి. మెలికకోసారి ఆగండి. నేను రాకపోతే అప్పుడు వెనక్కి రండి."

డ్రిల్లు టీచరు గబగబా సైకిల్ ఎక్కి, "ఒకటి, రెండు, తొక్కు!" అంది, బావగారు నోరు తెరిచేలోపే.

మొదటి మెలికలో ఆయన వ్యాను దిగి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. రెండో మెలికలో "మెల్లిగా" అన్నాడు. "ఇంతకంటే మెల్లిగా పోతే పడతాం!" అంది భార్య. మూడో మెలికలో నీళ్ళ సీసా అందించాడు. నాలుగో మెలిక దగ్గర ఆయనకే తెలియకుండా రెండడుగులు పరిగెత్తి, "సగం దాటేశారు! సగం అయిపోయింది!" అని కేక పెట్టాడు. ఆ కేకలో భయం లేదని తొమ్మిదక్క చెవి పట్టేసింది. పదకొండేళ్ళలో ఆయన గొంతు అలా వినడం అదే మొదలు.

ఆరో మెలిక దాటాక డ్రిల్లు టీచరుకి పిక్క పట్టేసింది. "అక్కా, నావల్ల కాదు. దిగి నడిపించుకుపోదాం."

"ఎంతుంది?"

"అరకిలోమీటరుంటుంది. కానీ నిట్టనిలువుగా ఉంది."

"నువ్వు హ్యాండిల్ తిన్నగా పట్టుకో చాలు. కాళ్ళు ఊరికే తిరగనియ్. తొక్కేది నేను."

ఐదంతస్తుల మెట్లు రోజుకు రెండుసార్లు ఎక్కిన కాళ్ళు అవి. ఆవిడ పళ్ళ బిగువున ముందుకి వంగి, ఒక్కొక్క కాలూ నేలలోకి దింపుతున్నట్టు తొక్కింది. రెండు పెడళ్ళూ ఒకటే కాబట్టి ఆ బలం ముందు కాళ్ళనీ తిప్పింది. డ్రిల్లు టీచరు నొప్పితో మూలుగుతూనే మధ్యమధ్య "వంద అడుగులు... ఎనభై... రాయి, కుడికి..." అని చెప్తూ పోయింది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. చెమట కళ్ళలోకి దిగి మండుతోంది. చూపు లేని కళ్ళు కూడా మండుతాయన్న సంగతి ఎవరికీ తట్టదు, అనుకుని ఆవిడ లోపల్లోపల నవ్వుకుంది.

ఉన్నట్టుండి పెడలు తేలికైపోయింది. ఎదుటినుంచి గాలి మొహానికి కొట్టింది.

"పైకొచ్చేశాం అక్కా! పైకొచ్చేశాం!"

తొమ్మిదక్క దిగింది. రోడ్డు మీదే చతికిలబడింది. భర్త పరిగెత్తుకొచ్చి లేపబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, తనూ పక్కనే కూర్చున్నాడు. కాసేపటికి, "ఇక్కణ్ణుంచి మూడు ఊళ్ళు కనపడుతున్నాయి. నువ్వొచ్చిన దారంతా కనపడుతోంది. సన్నగా దారప్పోగులా ఉంది," అన్నాడు.

"ఎంత పొడుగు?"

"చాలా పొడుగు."

దిగుడు గురించి ఆవిడ తర్వాత ఎన్నిసార్లు చెప్పినా ఇద్దరికి చెప్పినట్టు మూడోవాళ్ళకి చెప్పలేదు. ఒకసారి ఎగిరానంది, ఒకసారి పడిపోతూనే ఉన్నా పడలేదంది. నిజంగా జరిగింది మాత్రం ఇది: గాలి చెవుల్లో హోరెత్తింది, సైకిల్ మెలికల్లో ఇటూ అటూ ఒరిగింది, ఆవిడ కూడా దాంతో పాటే ఒరిగింది, కొండ కింది దాకా గొంతు చించుకుని అరుస్తూనే ఉంది. సైకిల్‌కున్న వేగం మీటరు యాభై రెండు దాటిందని డ్రిల్లు టీచరు కిందికొచ్చాక చూసి గుండె పట్టుకుంది. "బావగారికి చెప్పకక్కా."

"ఎందుకు చెప్పను? ఇంత చేసి దాచుకోవడమెందుకే!" అంది తొమ్మిదక్క.

చీకటి పడకముందే ఇల్లు చేరారు. మర్నాడు పొద్దున ఆవిడకి మంచం దిగడానికే పావుగంట పట్టింది. భర్త మందుల షాపునుంచి తెచ్చిన నూనె పిక్కలకి మర్దనా చేస్తూ అడిగాడు.

"మళ్ళీ ఎప్పుడు?"

"వచ్చే నెల. కాలవ గట్టు ఆ చివరిదాకా. ఈసారి వ్యాను తెస్తే ఊరుకోను."

"వ్యాను ఎవడికి కావాలి?" అన్నాడాయన, పిక్క వదిలి రెండో కాలు అందుకుంటూ. "నాకూ ఒక సైకిల్ చూడమని మరదలికి చెప్పు. పాతదైనా సరే."