సూపరింటెండెంటుకు వేసిన ఎర

ఆ పొద్దున ఇంట్లో కూర్చుని అక్క చేసిన ఆఖరి పని ఒక అబద్ధం రాయడం. "మీ కారు నిలిపే చోటు సోమవారం నుంచి మారుతోంది. కొత్త చోటు కోసం ఇక్కడ నొక్కండి." అది సూపరింటెండెంటుకు పంపి, కళ్ళజోడు తీసి, "కాస్త నడుం వాలుస్తానే" అంది చెల్లెలితో. మళ్ళీ లేవలేదు.

అబద్ధాలు రాయడమే అక్క ఉద్యోగం. ఆ పెద్దాసుపత్రి సిబ్బందికి నెలకోసారి దొంగ మెయిళ్ళు పంపేది. నమ్మి నొక్కితే "ఇది పరీక్షే, కంగారు పడకండి" అని తెర మీద వచ్చేది. అనుమానించి, పక్కనున్న ఎర్ర బటన్‌తో ఫిర్యాదు చేస్తే "శభాష్" అని వచ్చేది. మోసపోయినవాళ్ళ పేర్లు అక్క బయట పెట్టేది కాదు. పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడ అనుమానించాలో ఓపిగ్గా చూపించేది.

ఆ దయంతా మిగతావాళ్ళకే. సూపరింటెండెంటుకు మాత్రం ఎర విడిగా వండేది.

తొమ్మిదేళ్ళ కిందట, కౌంటర్లో గుమస్తాగా ఉన్నప్పుడు, అసలు సిసలు దొంగ మెయిలొకటి అక్క నొక్కింది. కంప్యూటర్లు రెండు రోజులు మూలపడ్డాయి. తప్పు తనే వెళ్ళి చెప్పుకుంది. ఆయన అక్క ఫొటో పెద్దది చేయించి, "ఇలా చేయకండి" అని రాయించి, క్యాంటీన్ గోడకు అంటించాడు. నెల రోజులు అక్క తన మొహం కిందే కూర్చుని అన్నం తింది.

"వదిలెయ్యవే. పాము కూడా ఇన్నేళ్ళు పగబట్టదు," అనేది చెల్లెలు.

"పాముకేం? దాని ఫొటో ఎవరైనా అంటించారా? ఒక్కసారి నొక్కనీ. అదే గోడ, అదే సైజు."

మోకాళ్ళ నొప్పికి కొత్త మందన్నా, మనవరాలి స్కూలన్నా, ఏ ఎర వేసినా అయిదు నిమిషాల్లో ఆయన దగ్గర్నుంచి ఫిర్యాదు. "ముదురు చేప!" అని అక్క పళ్ళు నూరేది. కారు సంగతి రాసేనాటికి ఆయన పదవీ విరమణ ఇక వారం రోజులే ఉంది.

ఆయన సన్మానం చేయించుకుని వెళ్ళిపోయాక, అక్క బల్ల ఖాళీ చేయడానికి చెల్లెలు ఆసుపత్రికి వెళ్ళింది. ఆయన దగ్గర టైపిస్టుగా చేసినావిడ వచ్చి చేతులు పట్టుకుంది.

"అక్కయ్యగారు నేర్పబట్టే అండీ, సారుకొచ్చిన దొంగ మెయిళ్ళన్నీ పట్టేశాను."

"మీరా? ఆయన చూసుకోరూ?"

"ఆయనకు మెయిల్ తెరవడమే రాదు. నేను చేరిన రోజే పాస్‌వర్డ్ నా చేతిలో పెట్టి, ఎవరికీ చెప్పొద్దన్నారు. ఇప్పుడెళ్ళిపోయారుగా, చెప్తున్నా."

చెల్లెలు సర్దుతున్న సామాను పక్కన పెట్టేసింది. మెయిల్ నొక్కడం పొరపాటు, పాస్‌వర్డ్ ఇంకొకరికివ్వడం నేరం అని అక్క ప్రతి క్లాసులోనూ చెప్పేది. ఆ ఒక్క ముక్క అక్కకు తెలిసుంటే ఇన్ని ఎరలతో పనే లేదు; క్యాంటీన్ గోడకు అదే చాలేది.

"నోటితో చెప్పారా, రాసిచ్చారా?" అని అడిగింది.

"ఆయన చేతిరాతేనండీ. నా కీబోర్డు కిందే అంటించి ఉంది."