కవిత కింద పేరు

కామారెడ్డి బస్టాండులో కండక్టర్ "ఎల్లారెడ్డి, ఎల్లారెడ్డి" అని అరిచినప్పుడల్లా నా అరచేతులు చల్లబడతాయి. నేను ఎక్కాల్సింది భిక్నూర్ బస్సు. అక్కడి ప్రభుత్వ పాఠశాలలో పిల్లలకు తెలుగు చెబుతాను. అయినా ఆ కేక చెవిన పడగానే ఒక్క క్షణం నిలబడిపోతాను. అయిదేళ్ల కింద ఆ ఎల్లారెడ్డి బస్సులోనే వసుంధర టీచర్ పక్కన కూర్చుని ఒక కవి సమ్మేళనానికి వెళ్లాను. వచ్చేటప్పుడు ఒంటరిగా వచ్చాను. ఆ మధ్యాహ్నం ఆమె మైకు ముందు పలికిన నాలుగు మాటలు ఇప్పటికీ నాకు పూర్తిగా మింగుడుపడలేదు.

టీచర్‌ను చూడనివారికి ఆమె గురించి కొంచెం చెప్పాలి. సన్నటి మనిషి. ఎప్పుడూ నేత చీరే. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా కామారెడ్డి ఆడపిల్లల హైస్కూల్లో మాకు తెలుగు చెప్పేది. జిల్లాలో కవిత్వం చదివే నలుగురు ఎక్కడ చేరినా ఆమె ఉండాల్సిందే. ఏ ఊళ్లో వేదిక ఎక్కినా జనం ఒకే కవిత అడిగేవారు. బీడీలు చేసే ఆడమనిషి మాట అది.

ఆకు మీద ఈనెలున్నయి
నా అరచేతుల గీతలు లేవు
జోస్యం చెప్పేటోడా,
ఆకును చూసి చెప్పు నా రాత.

మాది బీడీలు చేసే ఇల్లు. మా తల్లి రాజవ్వను నేను అవ్వా అని పిలుస్తాను. పొద్దస్తమానం చాట ఒళ్లో పెట్టుకుని ఆకు చుట్టి చుట్టి ఆమె వేళ్ల గీతలు అరిగిపోయాయి. ఈనాటికీ రేషన్ దుకాణంలో ఆమె వేలిముద్ర మిషన్ మీద పడదు. అందుకే ఆ కవిత విన్న మొదటిరోజే నాకు ఒళ్లు జలదరించింది. మా ఇంట్లోని సంగతి ఇంత చదువుకున్న మనిషికి ఎలా తెలిసిందా అని ఆశ్చర్యపోయాను.

అరవైమంది ఉన్న తరగతిలో టీచర్ నన్ను ఎంచుకుంది. బడి వదిలాక మైదానంలో ఆ చివర తాను నిలబడి, ఈ చివర నన్ను నిలబెట్టి కవిత చెప్పమనేది. "అరవకు బిడ్డా. ఆఖరి కుర్చీల కూసున్న ముసలాయనకు చెప్తున్నట్టు చెప్పు," అనేది. చప్పట్లు పడితే ఆగాలని, అవి సద్దుమణగకముందే నోరు తెరిస్తే మాట నేల పాలవుతుందని నేర్పింది. నేను సొంతంగా రాయడం మొదలుపెట్టాక మాత్రం చాలా కఠినంగా ఉండేది. బాగుందని నేను మురిసిపోయిన వాక్యం దగ్గరే వేలు పెట్టి అడిగేది. "ఇది నీ మాటేనా? యాదికి తెచ్చుకో. ఎవలన్న అనంగ విన్నవా?" విన్నదే అయితే కొట్టేయించేది. ఆ పట్టుదల చూసి, నిజాయితీ అంటే ఇదే అనుకున్నాను.

ఆ ఏడు బడి వార్షికోత్సవంలో టీచర్ కవితను నేను చదవాలి. ఇంట్లో గోడకు ఎదురుగా నిలబడి సాధన చేస్తుంటే వెనక కత్తెర చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూశాను. అవ్వ ఆకు పట్టుకుని అలాగే కూర్చుంది.

"ఎవలు రాసిండ్రు ఇది?" అంది.

"మా వసుంధర టీచర్."

ఆకును చాటలో పెట్టేసింది. తర్వాత, "ఇంకోపారి చెప్పు," అంది. చెప్పాను. "జోస్యం చెప్పేటోడా అన్నకాడ జర ఆగాలె. వాడు తలెత్తి చూడాలె గద," అని మళ్లీ ఆకు కత్తిరించడంలో పడింది. ఆమె చెప్పినట్టే ఆగి చదివితే నాకు మొదటి బహుమతి వచ్చింది. అక్షరం రాని మనిషికి ఆ కిటుకు ఎలా తెలిసిందని అప్పుడు నాకు తోచనే లేదు.

ఇక ఎల్లారెడ్డి సంగతి. అక్కడి కవులు కొందరు ఫంక్షన్ హాల్లో సభ పెట్టి టీచర్‌కు సన్మానం తలపెట్టారు. దారిలో లింగంపేట దాటేదాకా ఆమె కిటికీలోంచి అడవినే చూస్తూ కూర్చుంది. అలసటేమో అనుకున్నాను. సభలో నన్ను ముందు చదవమంది. చదివాను. చప్పట్లు బాగానే పడ్డాయి. తర్వాత ఆమెకు శాలువా కప్పారు. జనం మామూలుగానే ఆ కవిత అడిగారు. టీచర్ శాలువా తీసి మడతపెట్టి కుర్చీ మీద ఉంచింది. మైకు దగ్గరికి వచ్చి నాలుగు పంక్తులూ చదివింది. చప్పట్లు ఆగేదాకా ఆగింది.

"ఈ కవిత నాది కాదు," అంది.

వినయం అనుకుని కొందరు నవ్వారు. ఎవరో మళ్లీ చప్పట్లు మొదలుపెట్టారు.

"చప్పట్లు ఆపుండ్రి. నిజం చెప్తున్న. నలభై ఏండ్ల కింద కొత్తగ నౌకరి దొరికి కామారెడ్డికి వచ్చినప్పుడు ఒక బీడీల వాడల కిరాయికి ఉన్న. పక్కింటి రాజవ్వ బీడీలు చేసుకుంట ఈ మాటలు కట్టి చెప్తుండె. నేను కాయితం మీద పెట్టి పత్రికకు పంపిన. దీంట్ల నేను రాసింది కింద నా పేరొక్కటే."

నిర్వాహకుడు గబగబా వచ్చి మైకు అందుకోబోయాడు. "టీచర్‌కు ఒంట్లో బాగలేనట్టున్నది," అన్నాడు.

"నాకు మంచిగనే ఉన్నది," అని ఆమె అతని చేతిని మెల్లగా తప్పించి నావైపు చూసింది. "ఆ రాజవ్వ బిడ్డనే అగో, ముందు వరుసల కూసున్నది. ఇంతకుముందు చదివింది కూడ ఆమెనే."

హాలంతా నావైపు తిరిగింది. నా చెవుల్లోకి వేడి నీళ్లు పోసినట్టయింది. రాజవ్వలు చాలామంది ఉంటారు కదా అని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. మరుక్షణమే అరవైమందిలో నన్నే ఎందుకు ఎంచుకుందో అర్థమైంది. మైదానంలోని ఆ సాయంత్రాలు, ఇది నీ మాటేనా అన్న ప్రశ్నలు, అన్నీ ఒక్కసారిగా మరో రంగుకు మారిపోయాయి. అలా అడిగినప్పుడల్లా ఆమె ఎవరిని అడిగింది? లేచి బయటికి నడిచాను. వెనక నుంచి ఆమె పిలవలేదు. బస్సు ఎలా ఎక్కానో, టికెట్ ఎలా తీసుకున్నానో నాకు గుర్తులేదు.

ఇంటికి వచ్చి కూర్చోకుండానే అవ్వకు చెప్పేశాను. ఆమె కోపంతో లేస్తుందనో, ఏడుస్తుందనో అనుకున్నాను. కట్టకు దారం చుట్టడం పూర్తిచేసి పక్కన పెట్టింది.

"నాకెర్కనే," అంది.

ఆ రోజు నాకు ఎక్కువగా దిమ్మతిరిగేలా చేసింది ఈ మాటే. హాల్లో విన్నదానికంటే ఎక్కువ.

"ఎప్పటిసంది ఎర్క?"

"నువ్వు గోడ దిక్కు నిలబడి చదివిన దినమే."

"మరి ఎందుకు చెప్పలే? అడగకపోతివా ఆమెను?"

"అడిగితే ఏమైతుండె? మొఖం చెల్లక నిన్ను దూరం పెడుతుండె. నాలుగు మాటలు పోతె పోయినయి. బిడ్డకు చదువు వస్తున్నదని ఊకున్న." ఇంకో కట్ట అందుకుని, "ఊకోవాల్నంటే కష్టమే అయింది," అంది.

నేను కవిత్వంలో పడి తిరిగిన ఆ ఏళ్లన్నీ నా తల్లి మౌనం మీద నడిచాయన్నమాట. ఇద్దరు ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకోకుండానే నా బతుకును మధ్యలో పెట్టి కుదుర్చుకున్న ఒప్పందం అది. వారిద్దరిలో ఎవరి మీద కోపగించుకోవాలో తెలియలేదు. టీచర్ నిజం ఒప్పుకుంటూ పత్రికకు ఉత్తరం రాసిందని, అది అచ్చయిందని విన్నాను. ఆమెను సభలకు పిలవడం మానేశారని కూడా విన్నాను. ఎనిమిది నెలలు ఆమె ఇంటివైపు వెళ్లలేదు.

ఒక ఆదివారం పొద్దున అవ్వే తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని వచ్చింది. "నడువు. టీచరమ్మను చూసొద్దాం."

టీచర్ తలుపు తీసి మమ్మల్ని చూసి పక్కకు జరిగింది. అవ్వే చాప వెతుక్కుని పరిచి కూర్చుంది. టీచర్ ఆమెకు ఎదురుగా కింద కూర్చుని, "రాజవ్వా," అని ఆగిపోయింది.

"కొత్తదొకటి కట్టిన," అంది అవ్వ. "రాసుకుంటరా?"

టీచర్ కాగితం, కలం తెచ్చింది. అవ్వ నింపాదిగా చెప్పింది.

గింజ జారిపోయిందని ఏడ్వలే
ఎవల చేన్ల మొలిచిందో
పోయి చూసొచ్చిన
కంకి తలొంచుకున్నది.

చివరి పంక్తి దగ్గర కలం ఆగింది. టీచర్ కళ్లు తుడుచుకోలేదు, దాచుకోలేదు. పంక్తి పూర్తిచేసి కింద ఇంకేదో రాసింది. అవ్వ నావైపు తిరిగింది.

"కింద ఎవల పేరున్నది?"

"నీదే. రాజవ్వ."

"ఇంటిపేరు గూడ రాయుండ్రి టీచరమ్మా," అంది అవ్వ. "రాజవ్వలు ఊర్ల మస్తుమంది ఉన్నరు."

టీచర్ ఇంటిపేరు కూడా రాసింది. ఆ తర్వాత మూడేళ్లు బతికింది. మేం మళ్లీ వెళ్లాం, చాయ తాగాం, ఊరి ముచ్చట్లు చెప్పుకున్నాం. నాలో ఏదో ఉందని నన్ను పిలిచిందా, తన మనసు తేలిక చేసుకోవడానికి పిలిచిందా అని అడగాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. అడగలేదు. బహుశా ఆమెకూ తెలియదేమో. ఆమె చేసిన అన్యాయం నాకు చేసిన మేలును చెరిపేయలేదు. మేలు కూడా అన్యాయాన్ని కప్పలేదు. రెండూ పక్కపక్కనే నాలో ఉన్నాయి.

మొన్న రాజంపేటలో ఒక సభలో నన్ను పరిచయం చేస్తూ ఒకాయన "వీరు వసుంధర టీచర్ శిష్యురాలు" అన్నాడు. వెంటనే నాలుక కరుచుకున్నాడు. వెనక వరుసల్లో గుసగుసలు మొదలయ్యాయి. విననట్టు ఊరుకుని నా కవిత చదువుకుంటే సరిపోయేది. మైకు దగ్గరికి వెళ్లి, గుసగుసలు ఆగేదాకా ఆగాను.

"ఔను, ఆమె శిష్యురాలినే," అన్నాను. తర్వాత మా అవ్వ పేరు ఇంటిపేరుతో సహా చెప్పి, ఆమె కవిత మొదలుపెట్టాను.