గుడ్డ నిద్రపోయే గంట

జోలమాస్టారికి ఒక్కటే చాదస్తం. గుడ్డ నిద్రపోయి లేస్తే తప్ప దాని మీద కత్తెర పడనివ్వరు.

విశ్వవిద్యాలయంలో ఆయన చెప్పే పాఠానికి చాలా పొడుగు పేరుండేది. ఏళ్ల తరబడి నిలిచే దుస్తులను, పీలిక కూడా చెత్తలోకి పోకుండా ఎలా తయారుచెయ్యాలన్నది దాని సారం. మొదటిరోజు ఇరవైమంది పిల్లలూ గుడ్డలు పరిచి, కత్తెరలు తీశారు.

"ష్!" అన్నారాయన. "అది చుట్టలో బిగుసుకుని చాలా దూరం నుంచి వచ్చింది. కాసేపు పడుకోనివ్వండి."

"ఎంతసేపు సార్?"

"దాని ఇష్టం. ఓ గంట."

"అప్పటిదాకా మేమేం చెయ్యాలి సార్?"

"తల వాల్చి, చెవి ఆనించి వినండి. ఊపిరి తెలుస్తుంది."

కిటికీ తెరలు ఆయనే లాగారు. గది లేత నీలంగా మారింది. ఇరవై తలలు వాలాయి. ఆ సాయంత్రానికి ఆయన అసలు పేరు అందరూ మరిచిపోయారు, జోలమాస్టారే మిగిలారు.

అందులో కొంత నిజం లేకపోలేదు. సాగే గుడ్డను చుట్ట విప్పీ విప్పగానే కత్తిరిస్తే, తర్వాత తీరిగ్గా ముడుచుకుపోతుంది. పొడుగు చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోతాయి. అలాంటి చొక్కాకి చెత్తబుట్టే దిక్కు. కానీ మాస్టారు సాగే గుడ్డతో ఆగలేదు. జీన్సు గుడ్డని పడుకోబెట్టారు. గుండీల డబ్బాని మూతపెట్టి పడుకోబెట్టారు. ఒకసారి దిండు గలీబు వంతు వచ్చింది.

"అది పుట్టిందే పడుకోవడానికి కద సార్!"

"ఇన్నాళ్లూ మనల్ని పడుకోబెట్టింది బాబూ. ఇవాళ దాన్ని పడుకోనీ."

అందరూ నవ్వుకునే ఈ చాదస్తం చివరిబల్ల అమ్మాయికి మాత్రం అడగకుండా దొరికిన వరం. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆమెది రాత్రి డ్యూటీ. తెల్లారేసరికి నాలుగువందల దుప్పట్లు మడతపెట్టి, అటునుంచటే క్లాసుకి వచ్చేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా జాలిగా చూస్తే ఆమెకి ఒళ్లు మంట. పైగా గోడ మీద డిపార్ట్‌మెంట్ హెడ్‌గారి నోటీసు ఒకటి ఉంది: క్లాసులో నిద్రపోయిన వాళ్లకి గైర్హాజరు. వేరే క్లాసుల్లో ఆమె అప్పటికే దొరికిపోయింది. ఇంకొక్క గైర్హాజరు పడితే పరీక్షకి కూర్చోనివ్వరు.

అందుకని గుడ్డకి చెవి ఆనించేది. మొదటి ఊపిరి వినేది. రెండోది వినేది కాదు. కలలో తెల్లని తడి దుప్పట్లు తాడు వదిలిపెట్టి, వాటంతటవే మడతలు పడుతూ, ఒకదాని వెనక ఒకటి ఆకాశంలోకి పోయేవి. మడతపెట్టడానికి ఆమె చేతిలో ఏమీ మిగిలేది కాదు.

ఒకరోజు హెడ్‌గారు తలుపు తోసుకుని వచ్చారు.

"ఏంటండీ ఇది! క్లాసా, సత్రమా?"

ఆ కేకకి చివరిబల్ల అమ్మాయి ఉలిక్కిపడి మేలుకుంది. తల ఎత్తే ధైర్యం చాల్లేదు. అయిపోయింది, పరీక్ష పోయింది అనుకుంది.

"మెల్లగా సార్, గుడ్డ పడుకుంది," అన్నారు మాస్టారు.

"గుడ్డ పడుకోవడమేంటండీ, మరీ విడ్డూరం కాకపోతే!"

"నమ్మకపోతే మీరే వినండి. ఇదిగో, ఈ కొస దగ్గర."

హెడ్‌గారు కళ్లజోడు తీసి, అనుమానంగానే చెవి ఆనించారు. ఒక నిమిషం గడిచింది. రెండు గడిచాయి. తర్వాత సన్నగా గురక మొదలైంది.

"విన్నారా పిల్లలూ?" అన్నారు మాస్టారు గుసగుసగా. "దీనికి కొంచెం జలుబు చేసినట్టుంది."

పిల్లలు నవ్వు ఆపుకోలేక గుడ్డలు నోట్లో కుక్కుకున్నారు. గంట తర్వాత హెడ్‌గారు లేచి, చెంప మీద కుట్టు అచ్చుతోనే గంభీరంగా నిలబడ్డారు. "ఊఁ... ఏదో వినిపిస్తోంది లెండి," అని వెళ్లిపోయారు.

గురువారం రాత్రి లాండ్రీకి సెలవు. కాబట్టి శుక్రవారం ఆమె కంటినిండా నిద్రపోయి వచ్చేది. సగం ఏడాది గడిచాక ఒక శుక్రవారం, కత్తిరిస్తూ కత్తిరిస్తూ ఆమె చెయ్యి ఆగిపోయింది. శుక్రవారం గుడ్డని మాస్టారు ఒక్కసారీ పడుకోబెట్టలేదు. "ఇది నిద్రపోయే వచ్చిందమ్మా, కానివ్వండి," అనేవారు.

క్లాసు అయ్యాక ఆమె ఉండిపోయింది.

"సార్, నా డ్యూటీ సంగతి మీకెలా తెలిసింది?"

మాస్టారు బీరువాలోంచి ఒక చిరుగుల దుప్పటి తీసి బల్ల మీద పెట్టారు. మొదటివారం 'పారేసే గుడ్డ ఏదైనా తెండి' అంటే ఆమె తెచ్చిందే. పిన్ని ఇచ్చిందని చెప్పింది అప్పుడు.

"చిరుగుల దుప్పటిని మీ పిన్ని ఇంత నిక్కచ్చిగా మడతపెడుతుందా తల్లీ? అంచుకి అంచు, లాండ్రీ నంబరు పైకి! పైగా శుక్రవారం తప్ప రోజూ ఎర్రటి కళ్లే."

ఆమె దుప్పటి అంచు సవరించింది. "సోమవారం నుంచి నాకు సాయంత్రం డ్యూటీ సార్. ఇక గుడ్డ పడుకోనక్కర్లేదు," అంది.

"అలాగని నీతో చెప్పిందా?" అన్నారాయన.

సోమవారం మళ్లీ తెరలు లాగారు. చివరిబల్ల అమ్మాయి తల వాల్చింది కానీ నిద్ర రాలేదు. మొదటిసారి చాలాసేపు వింది. నీటి అడుగున ఎవరో నడుస్తున్నట్టు ఏదో చప్పుడు. గుడ్డదో, తనదో తెలియలేదు.

తలుపు చప్పుడు కాకుండా తెరుచుకుంది. హెడ్‌గారు. ఈమధ్య వారానికి మూడుసార్లు తనిఖీకి వస్తున్నారు. ఇంట్లో నెల తిరగని కవలపిల్లలట. కళ్లజోడు జేబులో పెట్టుకుని, ఖాళీ బల్ల వెతుక్కుని, ఊపిరి వినడానికి వంగారు.

మాస్టారు హాజరుపట్టీ తెచ్చి ఆమె ముందు పెట్టారు. ఆమె పేరుకి ఎదురుగా అన్నీ హాజర్లే. అట్టడుగున పెన్సిలుతో కొత్తగా ఒక వరస ఉంది: హెడ్‌గారు.

"నోటీసు ప్రకారం ఈయనకేం వెయ్యమంటావమ్మా?"

ఆమె లేచి, చిరుగుల దుప్పటి మడత విప్పి, హెడ్‌గారి భుజాల మీద వదులుగా కప్పి వచ్చింది. పెన్సిలు అందుకుంది.

"వచ్చారు కద సార్," అంది.