కుక్క ఒక్కటే చూసింది

ప్రెస్సులో నల్లసిరా వాసన తగిలితే నాకిప్పటికీ పాకాల గుర్తొస్తుంది. నాయన ఆ ఊరి బడిలో డ్రాయింగ్ మాస్టరు. చెక్క మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం పరిచి గరిటె వీపుతో రుద్దేవాడు.

ఒక ఏడాది ఊళ్లో ఆడే వీధినాటకం మీద ఎగతాళి బొమ్మ అచ్చు వేశాడు. రాజు వేషగాడు గద ఎత్తి గర్జిస్తున్నాడు. జనమంతా నోళ్లు తెరిచి నిద్రపోతున్నారు. ముందు వరుసలో ఒక కుక్క మాత్రం కళ్లార్పకుండా చూస్తోంది.

"సూసినోళ్లకు సిగ్గు రావాల" అంటూ నాటకం పందిరి గుంజకు అంటించాడు.

ఎవరికీ సిగ్గు రాలేదు. "ఈడు మీ మామే గదబ్బా!" అని ఒకరినొకరు చూపించుకుని నవ్వారు. తనను తాను ఎవరూ గుర్తుపట్టలేదు. నాయన గెలిచాడనుకుని నేను చప్పట్లు కొట్టాను.

మర్నాడు ఆ రాజు వేషగాడు ఇంటికొచ్చాడు. చెవుల వెనక రంగు ఇంకా పోలేదు. కొట్టడానికొచ్చాడని భయపడి నేను తలుపు చాటున దాక్కున్నాను.

"సారూ, నాకూ ఒగటి ఇయ్యండి. కుక్కన్నా నా ఆట సూసినట్టు ఏసినారు. ఇంట్లో గోడకు అంటిచ్చుకుంటా."

నాయన ఇచ్చాడు. మళ్లీ ఉలి ముట్టలేదు.

ఆ చెక్క ఇప్పుడు నా దగ్గరుంది. పాకాలలో నాటకం పందిరి వేయడం మానేశారు. ఎగతాళి చేయడానికైనా, ఆట ముందు కూర్చుని నిద్రపోయేవాళ్లు ఉండాలి కదా.