ఇరుకు మూతి వాజు

పొద్దున కుళాయి వచ్చింది. పక్కింటామె గోడ మీదుగా "టీచరమ్మా, నీళ్ళొస్తాండాయి, లెయ్" అని పిలిచింది. లేచి డ్రమ్ము, బిందెలు, బకెట్లు నింపుకున్నాను. హిందూపురంలో ఇల్లున్న ఎవరికైనా ఇది తెలిసిన పనే. మళ్ళీ ఎప్పుడు వదులుతారో తెలియదు గనక గిన్నెలూ గ్లాసులూ కూడా వదలం. అన్నీ నిండాక చెంబుతో నీళ్ళు ముంచుకుని ముందుగదిలోకి నడిచాను. ఆ అలవాటు నాది కాదు, మా ఆయనది. గోడ పొడవునా చెక్క బల్లల మీద ఆయన పూల వాజులున్నాయి. చెంబు పట్టుకుని గడప దగ్గరే నిలబడిపోయాను.

మా ఆయన పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే బస్సులో కండక్టరుగా చేశాడు. సాయంత్రం ఇంటికి చేరేటప్పుడు తోటివాళ్ళు కూరగాయలు తెచ్చుకుంటే ఈయన వాజులు తెచ్చేవాడు. ధర్మవరంలో పట్టుచీరల అంగడివాళ్ళు షోకేసు మార్చినప్పుడు తీసేసినవి, పెనుకొండలో ఇల్లు ఖాళీ చేసిపోయేవాళ్ళు వాకిట్లో వదిలినవి, ఇక్కడి పాత సామాన్ల అంగళ్ళలో తిరగని ఫ్యాన్ల మధ్య దుమ్ము పట్టినవి. పింగాణీ, గాజు, ఇత్తడి, ఏదైనా సరే. అంచు పెచ్చు లేచినదాన్ని మరింత జాగ్రత్తగా, తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వచ్చేవాడు. ఒకసారి బస్సులో ఒక పెద్దాయన "ఏమప్పా కండక్టరూ, దానికి టికెట్ కొట్టినావా?" అని అడిగాడట. "ఒళ్ళో కూర్చునే పిల్లోళ్ళకు టికెట్ ల్యాదులేప్పా" అన్నాడట ఈయన. మాకు పిల్లలు లేరు. ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పాడు. నేనూ నవ్వాననే గుర్తు.

నాకు అలంకారం మీద నమ్మకం తక్కువ. బడిలో పిల్లలకు అలంకారాలు పాఠం చెప్పాను గానీ, వాళ్ళ వ్యాసాల్లో కనిపిస్తే కొట్టేసేదాన్ని. అలాంటి నాకు ముందుగదిలో నెమళ్ళు, ద్రాక్షగుత్తులు, చేతులు నడుముకు పెట్టుకున్నట్టుండే ఇత్తడి పిడులు. మా వీధిలో పువ్వులు జడకో దేవుడికో పోతాయి, వాజులో పెట్టడం ఎవరికీ అలవాటు లేదు. మేమూ ఏనాడూ పెట్టలేదు. పెనుకొండ నుంచి తెల్ల పింగాణీది ఒకటి తెచ్చాడు, పొట్ట మీద రెండు నీలం కొంగలు, మూతి మాత్రం చిటికెన వేలంత. ఒక్క కాడకు మించి పట్టని దానికి పూల వాజు అని పేరెందుకని అడిగాను. కొంగలను తువ్వాలుతో తుడుస్తూ కూర్చున్నాడు. నచ్చని మాటకు ఆయన జవాబు అదే.

పువ్వులు లేకపోయినా నీళ్ళు మాత్రం ఉండేవి. ఖాళీగా ఉంటే గాలికి పడతాయని ఆయన భయం. కుళాయి వచ్చిన రోజు అన్నీ నింపాక, చివరి చెంబులు వాజులకు పోసేవాడు. ఇరుకు మూతిదానికి గరాటు పెట్టి పోసేవాడు. ఒక ఎండాకాలం కుళాయీ రాక ట్యాంకరూ రాక డ్రమ్ము అడుగంటింది. ఆ రోజే రొళ్ల నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. ఆయన అంతకుముందు కుళాయి వచ్చినప్పుడు పోసిన వాజుల నీళ్ళు ఒక్కోటే వంచి తెచ్చి ఇచ్చాడు, నేను కాచి అన్నం వండాను. ఆమె తిని చెయ్యి కడుక్కున్నాక, "ఎట్లుండాది పాపా నెమలి నీళ్ళ అన్నం?" అన్నాడు. ఆమె చాలాసేపు అన్నను తిట్టింది, తిడుతూనే నవ్వింది.

మాఘమాసంలో ఒక సాయంత్రం కుళాయి వచ్చింది. అన్నీ నింపి, వాజులకూ పోసి, తడి చేతులు తువ్వాలుకు తుడుచుకుని పడుకున్నాడు. తెల్లారి లేవలేదు. చావు జరిగిన ఇంట్లో నిలవ నీళ్ళు ఉంచరు. శవం లేచాక మా ఆడబిడ్డే ముందు నిలబడి డ్రమ్ము దొర్లించింది, బిందెలు బోర్లించింది. నీళ్ళు వాకిలి దాటి వీధిలోకి పోయాయి. బిందె నీళ్ళకు గొడవపడే వీధి అది. ఎవరూ ఒక్క మాట అనలేదు.

కర్మలు అయి అందరూ వెళ్ళిపోయాక, దుమ్ము తుడుద్దామని నెమలి వాజు ఎత్తాను. బరువుగా ఉంది. ఆయన పోసిన నీళ్ళు అలాగే ఉన్నాయి. వరుసగా అన్నీ ఎత్తి చూశాను. వాజుల్లో నీళ్ళుంటాయని ఎవరికీ తోచలేదనుకున్నాను. నీళ్ళకు జ్ఞాపకం ఉండదని తెలిసేపాటి చదువు నాకుంది. అయినా ఆయన పాత తువ్వాలు చింపి ఒక్కో మూతికీ గుడ్డ కట్టాను, దోమలకని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ ఎండాకాలమంతా నాకు వేరే పని లేదు. పుస్తకం తెరిస్తే ఒక పేజీ దాటేది కాదు. పొద్దున్నే ఒక్కోటి ఎత్తి, చెవి దగ్గర కదిపి వినేదాన్ని. వెడల్పు మూతులవి ముందు ఎండిపోయాయి. నెమలిది పోయింది, ఇత్తడివి పోయాయి, గాజువాటిలో మట్టం దిగిపోవడం కళ్ళకే కనిపించింది. ఆషాఢం నాటికి కొంగల వాజు ఒక్కటే మిగిలింది. నేను వెక్కిరించిన ఆ మూతే అన్నాళ్ళు ఆపింది.

అప్పుడు మాసికానికి ఆడబిడ్డ వచ్చింది. మడి, మైల విషయంలో ఆమె గట్టి మనిషి. గుడ్డలు కట్టిన వాజులు చూసి తిన్నగా వాటి దగ్గరికే పోయింది. పారబోస్తుందనుకుని నేనూ వెనకే పోయాను. కొంగలదాన్ని ఎత్తి, నాలాగే చెవి దగ్గర కదిపింది.

"ఇంగా ఉండాయే" అంది.

నీకు తెలుసా అని అడిగాను.

"తెల్సు వదినా. వీటి నీళ్ళతోనే గదా నాకు అన్నం పెట్టింటిరి. ఆపొద్దు అన్నీ పారబోసి ఈడికొచ్చినా. చెయ్యి రాల్యా."

వయసుకు తగని మాట అడిగాను, ఇవి పోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలని. ఆమె గుడ్డ ముడి బిగించి వాజును ఉన్నచోటే పెట్టింది.

"ఏం చేసినా పోతాయి వదినా. నువ్వు అన్నం తిను" అంది.

ఇవాళ పొద్దున చెంబు కింద పెట్టి కొంగల వాజును కదిపాను. చప్పుడు లేదు. గుడ్డ విప్పి అరచేతిలోకి వంచాను. ఉప్పు నీళ్ళ ఊరు గనక చిటికెడు తెల్లటి పొడి రాలింది, అంతే. నింపాలనిపించలేదు. నింపితే అవి నేను పోసిన నీళ్ళవుతాయి. చెంబులోవి తీసుకుపోయి బిందెలో పోసేశాను. ఆయన ఒక్క రాత్రిలో పోయాడు, ఆయన పోసిన నీళ్ళు పోవడానికి ఒక ఎండాకాలం, సగం వానాకాలం పట్టింది. కాలం నాకు ఇచ్చిన గడువు ఆ రెండింటి మధ్య తేడా ఒక్కటే, అదీ ఇవాళ్టితో అయిపోయింది.