జోడు ఏదిరా?

ఇది ఒక వీరగాథ. ఇందులో ఎడారి ఉంది, గుడ్డలో చుట్టిన పాత పిస్తోలు ఉంది, మాట ఇచ్చి ఇరుక్కున్న యువకుడు ఉన్నాడు, అతణ్ణి ఆదుకున్న వృద్ధుడు ఉన్నాడు, నెలలు నిండిన ఒంటె కూడా ఉంది. తీరా రాయడానికి కూర్చున్నాక లెక్క చూసుకుంటే, పిస్తోలు పేలలేదు, యువకుడు చేసిన సాహసమల్లా నోరు జారడం, వృద్ధుడికి అప్పటికి యాభై ఎనిమిదేళ్ళే, ఒంటెను నేను చూడనే లేదు. అందుకని వీరగాథ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఈ పొద్దున మా వర్క్‌షాపు ముందు నుంచి సైలెన్సర్ ఊడిన లారీ ఒకటి పోయింది. సులైలో అది వింతేమీ కాదు. రియాద్ గోదాములన్నీ ఉన్న ఈ పేటలో సైలెన్సర్ సరిగా ఉన్న లారీ పోతేనే తలెత్తి చూస్తాం. కానీ ఆ ధడధడకు రేకుల గోడ వణికింది, గోడకు తగిలించిన స్పానర్లు గలగలమన్నాయి, నా కుడి బొటనవేలి గోరు దానంతటదే దురద పెట్టింది. ఆ చప్పుడూ ఆ దురదా కలిసి వచ్చినప్పుడల్లా నాకు రాజలింగం కాక గుర్తొస్తాడు. పెద్దవాళ్ళ గురించి రాసేటప్పుడు భక్తితో గుర్తొస్తారని రాయాలి. ఆయన నాకు కడుపుమంటతో గుర్తొస్తాడు.

మాదీ ఆయనదీ జగిత్యాల పక్క పల్లెలే. నేను ఐటీఐ పాసై, సర్టిఫికెట్‌కు లామినేషన్ కూడా చేయించుకుని విమానం ఎక్కినవాణ్ణి. ఆయన అయిదో తరగతి. అయినా షాపులో పెద్ద లేత్ ఆయనది, మూలనున్న చిన్న లేత్ నాది. పాకిస్తానీ వెల్డర్ బషీర్ ఆయన్ను ఉస్తాద్ అనేవాడు, నన్ను ‘ఓయ్’ అనేవాడు. చాయ్ వస్తే మొదటి కప్పు ఆయనకు వెళ్ళేది, నాకు వచ్చేసరికి చల్లారి మీగడ కట్టి ఉండేది. వీటన్నిటికీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఆయన గోరు. కుడి బొటనవేలికి కొంచెం పొడుగ్గా పెంచిన గోరు అది. ఏ బోల్టు చేతికిచ్చినా దాని మరల మీద ఆ గోటిని ఒకసారి గీసి, “ఒకటిన్నర” అనేవాడు, మరకూ మరకూ మధ్య దూరం మిల్లీమీటర్లలో. నేను పరుగున పోయి గేజీ తెచ్చి పెట్టి చూసేవాణ్ణి. ఒకటిన్నరే ఉండేది. ఒక్కసారైనా అది ఒకటీ ముప్పావు కావాలని కొండగట్టు అంజన్నకు కొబ్బరికాయ మొక్కుకున్నాను. ఆ కాయ కొట్టే అవసరం ఇప్పటికీ రాలేదు.

ఆయనకు ఇంకో పట్టింపు ఉండేది. ఏ పని వచ్చినా ముందు అడిగే మాట, “జోడు ఏది?” బోల్టు చేయమంటే నట్టు తెమ్మనేవాడు, నట్టు చేయమంటే బోల్టు తెమ్మనేవాడు. చేయబోయేది దేనికి బిగుస్తుందో ఆ రెండో ముక్క చేతిలోకి రానిదే లేత్ స్విచ్చు నొక్కేవాడు కాదు. ఒకసారి సముద్రం ఒడ్డునున్న రాస్ తనూరా రిఫైనరీ నుంచి మన కోస్తా ఇంజనీరు ఒకాయన కంప్యూటర్ డ్రాయింగు పట్టుకొచ్చాడు.

“ఈ షాఫ్టు చేయాలండీ. ఇందులో అన్నీ ఉన్నాయి. కొలతలు, టాలరెన్సు, మెటీరియల్, మొత్తం,” అన్నాడు.

కాక ఆ కాగితాన్ని పెళ్ళి పత్రికలా రెండు చేతులా అందుకున్నాడు. “మంచిగున్నది సార్. గీ షాఫ్టును యాడ బిగిస్తరు?”

“పంపుకండీ.”

“అయితే పంపు తెండ్రి.”

ఆ మనిషి నాలుగైదు గంటలు కారు నడుపుకుని వచ్చినవాడు. అయినా వెనక్కి వెళ్ళి, మరుసటి వారం పంపు ముక్కను సీటు బెల్టు కట్టి మరీ తీసుకొచ్చాడు. లోపల అరిగిపోయి ఉంది. డ్రాయింగు ప్రకారం చేసిన షాఫ్టయితే అందులో గిలక్కాయలా ఆడేది. ఇంజనీరు కాకను “మాస్టారూ” అన్నాడు. పక్కనే నిలబడ్డ నన్ను, “ఏమోయ్, కొంచెం ఈ డిక్కీ తెరువు,” అన్నాడు. ఆ డిక్కీ చప్పుడు కూడా నాకు గుర్తుంది.

అలాంటి సమయంలో కాక ఖురూజ్ మీద వెళ్ళిపోతున్నాడని తెలిసింది. ఖురూజ్ అంటే ఇక తిరిగి రాని ప్రయాణం, పాస్‌పోర్టు మీద ఆఖరి ముద్ర. అందరూ బాధపడ్డారు. నేనూ ముఖం బాధగానే పెట్టి, పెద్ద లేత్ వైపు చూశాను. దానికి ఎవరు? నేనా, లేక బయటి నుంచి ఇంకో ఉస్తాదా? ముదీర్, అంటే మా మేనేజరు మలయాళీ, “చూద్దాం, చూద్దాం” అంటూ తిరుగుతున్నాడు. కాక పేరు లేకుండా నా పేరొక్కటే రాసి ఉన్న జాబ్ కార్డు ఒక్కటి కావాలి, ఒక్కటంటే ఒక్కటి, అని నేను తిరుగుతున్నాను.

అది తన కాళ్ళ మీద తానే నడిచి వచ్చింది. అబూ నాసర్ అని, మా కఫీల్‌కు, అంటే మాకు వీసా ఇచ్చిన యజమానికి, మేనమామ. నగరం బయట ఖర్జూరం తోట ఉంది ఆయనకు. కాక తిండికి పోయే వేళలో, అంటే షాపులో నేను తప్ప టర్నర్ లేని ఆ అరగంటలో వచ్చాడు. అరబ్బీలో మొదలుపెట్టి, నా ముఖం చూసి జాలిపడి, ఉర్దూలోకి దిగాడు. “సదీక్, సైలెన్సర్ లగానా హై. పురానా హై, బాబా కా హై. హో జాయెగా?”

సైలెన్సర్ బిగించాలి, పాతది, వాళ్ళ నాన్నది. మన దగ్గర సైలెన్సర్ అనగానే ఏం గుర్తొస్తుంది? మోటారు సైకిలు. కాస్త ఉన్నవాళ్ళకు లారీ. తండ్రి వదిలిపోయిన పాత లారీ నా కళ్ళముందు పొగ వదులుతూ కదిలింది. “మాఫీ ముష్కిల్ బాబా! బుక్రా రెడీ!” అన్నాను, ఏ ఇబ్బందీ లేదు, రేపటికి సిద్ధమని, అద్దాల గదిలో ఉన్న ముదీర్‌కు వినబడేంత గట్టిగా. ముదీర్ వెంటనే కార్డు రాశాడు. పని: సైలెన్సర్. టర్నర్: వేణు. ఆ కార్డు ఫోటో తీసి ఇంటికి పంపాను. మా అమ్మ, “సైలెన్సర్ అంటే ఏం నౌకరి బిడ్డా?” అని అడిగింది.

మర్నాడు సాయంత్రం అసర్ నమాజు తర్వాత అబూ నాసర్ వచ్చాడు. లారీ రాలేదు. చంకలో బిస్కెట్ల డబ్బా ఉంది. దాన్ని నా బల్ల మీద పెట్టి, మూత తీసి, గుడ్డ విప్పాడు. లోపల చిన్న పాత పిస్తోలు. దాని గొట్టం కొసన మర పెట్టాలట, దానికి చప్పుడు తగ్గించే గొట్టం బిగించుకుంటాడట. ఎందుకంటే ఖర్జూరాల గోదాములో ఎలుకలు. కాలుద్దామంటే పక్కనే నెలలు నిండిన ఒంటె. చప్పుడుకు అది బెదిరితే ఎలా? ఇదంతా ఆయన ఎంతో మామూలుగా, డాక్టరుకు దగ్గు గురించి చెబుతున్నట్టు చెప్పాడు. ముదీర్ అద్దాల గదిలోంచి చూసి, లేచి, మళ్ళీ కూర్చుని, ఫోను లేకుండానే ఫోను మాట్లాడడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు బుద్ధున్నవాడైతే చేతులెత్తి దండం పెట్టాలి. ఇలాంటి పని చేసి పట్టుబడితే ఇకామా, అంటే ఇక్కడ ఉండేందుకు ఇచ్చిన అనుమతి, పోవడం చిన్న సంగతి. జైలు, ఆ తర్వాత మనమెవరో ఎవరికీ గుర్తుండని కాలం. అదంతా నాకు తెలుసు. అయినా అవతల పెద్ద లేత్ దగ్గర కాక చేతులు తుడుచుకుంటూ ఇటు చూస్తున్నాడు. ఆయన జన్మలో చేయని పని ఒకటి నా బల్ల మీద ఉంది. అది చేస్తే ఇక ఆ గోటిని చూసి నేను కుళ్ళుకోవాల్సిన పని ఉండదు. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఆ నిమిషంలో నాకు ఎలుకలు, ఒంటె, జైలు ఏవీ కనబడలేదు. కాక ముఖం మాత్రమే కనబడింది. డబ్బాను నా వైపు లాక్కున్నాను.

కాక వచ్చి నా చెయ్యి మీద చెయ్యి వేశాడు. “జోడు ఏదిరా?”

“జోడెందుకు కాకా? ఆయన కొలత చెప్తడు.”

“నోటితోని చెప్పిన కొలతకు మర గాలికెక్కుతదారా?” అని, పెద్దాయన వైపు తిరిగి, ఉర్దూ, అరబ్బీ, జగిత్యాల మూడూ కలిసిన తన భాషలో అడిగాడు. “బాబా, జోడీ కిధర్?”

“జోడీ ఆయేగా,” అన్నాడు అబూ నాసర్. ఎవరో తెస్తామన్నారట.

“జోడీ నై, తో కామ్ నై. జోడీ లావ్, లైసెన్స్ కా వరఖా లావ్. ఫిర్ దేఖేంగే.” జోడు తే, లైసెన్సు కాగితం తే, అప్పుడు చూద్దాం.

అబూ నాసర్ ముఖం ఎర్రబడింది. నావైపు వేలు చూపించి, ఇతను నిన్న మాట ఇచ్చాడు, రేపటికి రెడీ అన్నాడు, మీ షాపులో మాటకు విలువ లేదా అని అరిచాడు. కఫీల్‌కు మేనమామ. ఆయన ఒక్క మాట అంటే లేత్ సంగతి అటుంచి నేను ఎక్కాల్సింది విమానమే. ముదీర్ లేని ఫోనులో ఇంకా గట్టిగా మాట్లాడుతున్నాడు. నేను బల్ల మీది ఇనుప రజను చేత్తో ఊడుస్తున్నాను. క్యాంపులో అందరినీ నవ్వించేవాణ్ణి నేనే.

కాక తొణకలేదు. “బాబా, హమారా సైలెన్సర్ లారీ కా,” అన్నాడు. మా దేశంలో సైలెన్సర్ అంటే లారీదే, మావాడు లారీ అనుకున్నాడు అని చెప్పి, బుగ్గలు పూరించి ‘ధడ ధడ ధడ’ మని పాత లారీలా బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఆగి, పిస్తోలు వెనక భాగాన్ని చూపించి, “ఇస్‌కా ధువాఁ కిధర్ సే ఆతా?” అని అమాయకంగా అడిగాడు, పొగ ఎటు నుంచి వస్తుందని. అబూ నాసర్ రెండు క్షణాలు నన్ను చూశాడు, డబ్బాను చూశాడు. తర్వాత కూర్చుని, తలగుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. బషీర్ వెల్డింగు ఆపి నవ్వాడు. ముదీర్ ఆ లేని ఫోను పెట్టేసి నవ్వాడు. నేను బతికిపోయాను. బతికిపోయిన మరుక్షణం నాకు వచ్చిన ఆలోచన ఏమిటంటే, ఈ షాపులో ఇంత పెద్ద నవ్వు నేనెన్నడూ తెప్పించలేదే అని. ఉన్న ఒక్క విద్యలో కూడా ఆయనే గెలిచాడు.

గహ్వా, అంటే అరబ్బుల కాఫీ, తాగుతూ పెద్దాయన అసలు సంగతి చెప్పాడు. ఆ పిస్తోలు పేలి ఇరవై ఏళ్ళు దాటిందట. గుండ్లు కూడా లేవట. నాన్న వస్తువు ఊరికే పడుందని, ఏదో ఒక పనికి పెట్టాలని ఆశ. అంటే చప్పుడే చేయని వస్తువుకు చప్పుడు తగ్గించబోయి నేను జైలుకు పోయేవాణ్ణి. “నాన్నదాన్ని కోస్తే నాన్నది ఎట్లయితది బాబా?” అన్నాడు కాక, ఆ మూడూ కలిసిన భాషలోనే. “ఎలుకలకు బోన్లు చేసిస్తం. గీ పిలగాడే చేస్తడు. గని జోడు కావాలె.”

జోడు అంటే, ఎలుక. మర్నాడు ఖర్జూరాల అట్టపెట్టెలో ఒకటి వచ్చింది, బతికున్నదే. కాక దాన్ని బషీర్ చేత పట్టించి, నా చేత వెర్నియర్‌తో కొలిపించాడు. జాబ్ కార్డు మీద సైలెన్సర్ కొట్టేసి ముదీర్ ‘ఎలుక బోన్లు, ఆరు’ అని రాశాడు. టర్నర్: వేణు. ఆ ఫోటో ఇంటికి పంపలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం రూములో కాక వంటకు ఉల్లిగడ్డలు కోస్తుంటే పోయి ఎదురుగా కూర్చున్నాను. “నలుగుర్ల నన్ను నవ్వులపాలు జేసినవ్ కాకా.”

“నవ్వులపాలైనవ్ గనుకనే రూముకొచ్చినవ్ ఏణూ. పని జేసుంటే యాడికి పోయేటోనివి?” నా పేరు ఆయన నోట్లో ఎప్పుడూ ఏణే.

“ఒకవేళ జోడు తెస్తే జేసేటోనివా?”

కత్తి ఆపాడు. “జోడంటే నట్టొక్కటే అనుకున్నవారా? గా గొట్టానికి అవతలి దిక్కు ఎవడో ఒకడుంటడు గద. ఇయ్యాల ఎలుక. రేపు ఎవడో నాకెరుకనా, నీకెరుకనా?” మళ్ళీ కోయసాగాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. ఉల్లిగడ్డల వల్లే.

కాసేపటికి మసాలా పాకెట్టు నా చేతికిచ్చి, “తారీఖు అయిపోయిందేమో చూడు,” అన్నాడు. అక్షరాలు పెద్దవే. నేను చూసి, ఆయన్ను చూశాను.

“కండ్లు ఆనుతలేవు కాకా నీకు.”

“నాలుగేండ్లాయె. వెర్నియర్ గీతలు అసలే ఆనవు. గోటితోని నెట్టుకొస్తున్న. అద్దాలు పెట్టుకుంటే ముదీర్‌కు ఎరుకైతదని.”

“అయితే గా ఇంజనీరుకు పంపు తెమ్మన్నది…”

“కాగితం ఆనక. సగం గందుకు,” అని నవ్వాడు. “నువ్వు మూలకు కూసోని గీతలను ఒక్క చూపుల సదువుతుంటే కడుపుల మండేదిరా నాకు. గీ పోరని కండ్లు రెండు దినాలు నాకిస్తే ఏం బోతుండే దేవునికి, అనుకునేది.”

నేను మసాలా తారీఖు చదివాను. ఇంకా మూడు నెలలుంది. నాలుగేళ్ళు ఆ గోటిని చూసి నేను కుళ్ళాను. అదే నాలుగేళ్ళు ఆయన నా కళ్ళను చూసి కుళ్ళాడు. ఇద్దరం ఒకే స్టవ్ మీద వండుకుని తిన్నాం. ఆయన కుళ్ళుకుంటూ కూడా నా చెయ్యి మీద చెయ్యి వేసి ఆపాడు. నేనయితే ఆపేవాణ్ణా? ఈ ప్రశ్నకు సమాధానం రాయకపోవడమే మర్యాద.

వెళ్ళే రోజు పొద్దున ముదీర్‌తో, “పెద్ద లేత్ ఏణుకియ్యి. కండ్లు మంచియి, నోరే జర కట్టెయ్యాలె,” అని చెప్పాడు. తర్వాత మెట్ల మీద కూర్చుని నెయిల్ కట్టర్‌తో ఆ బొటనవేలి గోరు కత్తిరించేసుకున్నాడు. “అదేంది కాకా!” అన్నాను. “మనుమరాలిని ఎత్తుకోవాలె గదరా, గీరుకుంటది,” అన్నాడు. ఆ గోరు ముక్క మెట్టు మీద కాసేపు ఉంది. చీపురు వచ్చి తీసుకుపోయింది.

పెద్ద లేత్ ఇప్పుడు నాది. నేనూ గోరు పెంచాను. మరల మీద గీస్తే దానికేమీ తెలియదు, విరగడం ఒక్కటే తెలుసు. మిగిలింది ఆ ఒక్క ప్రశ్న. కొళాయి తెచ్చినా, పంపు తెచ్చినా, గుడ్డ చుట్టిన డబ్బా తెచ్చినా, మూత తీయకముందే అడుగుతాను. జోడు ఏది? దీనికి అవతల ఏముంది, ఎవరున్నారు? కొందరు విసుక్కుంటారు, కొందరు తిరిగిపోతారు, ఎక్కువమంది మర్నాడు రెండు ముక్కలూ పట్టుకుని వస్తారు. అలా వచ్చేవాళ్ళు అసర్ నమాజు తర్వాత రావాలి. శుక్రవారం షాపు బంద్.